గుంజదన్నాను

నవంబర్ 19

స్పేర్ పార్ట్స్ షాపు వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. పది నెలలుగా షెడ్డులో టీ గ్లాసుల కింద పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఇవాళ దులిపి ఇంటికి తెచ్చాను. ఎవరికైనా చెప్పకపోతే గుండె ఆగేట్టుంది. చెబితే బతుకే ఆగేట్టుంది. కాగితం అయితే ఎవరి చెవిలోనూ ఊదదు.

పొద్దున తొమ్మిదింటికి సోమనర్సయ్య ఫోన్ చేశాడు. ఆయన కంపెనీ మేనేజరు. భూపాలపల్లి వైపు నుంచి ఇసుక తోలే ఆ కంపెనీ టిప్పర్లు పద్నాలుగింటికీ ఆయన మాటే మాట, రిపేర్లన్నీ జనగామ బైపాస్‌లో ఉన్న నా షెడ్డులోనే. ఐలేశ్ నడిపే బండి మొగుళ్లపల్లి దగ్గర ఆటోను గుద్దిందన్నాడు. ఆటోలో పత్తి ఏరబోయే ఆడవాళ్లు ఉన్నారన్నాడు. "కొత్త బ్రేక్ చాంబర్ ఒకటి పట్టుకొని జల్ది రా, బొలెరో పంపిస్తున్న" అన్నాడు.

చాంబరే ఎందుకు అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

పదిహేను రోజుల కింద ఆ బండి నా దగ్గరికి వచ్చింది. ముందు ఎడమ చక్రం చాంబర్‌లో రబ్బరు చిరిగి గాలి పోతోంది. ఈ బండ్ల బ్రేకులు గాలితోనే పనిచేస్తాయి, గాలి నిలవకపోతే బ్రేకు వదలదు, బండి కదలదు. కొత్త చాంబర్ వరంగల్ నుంచి రావాలి, సాయంత్రం దాకా ఆగాలి. సోమనర్సయ్యకు ఫోన్ చేస్తే, "డమ్మీ పెట్టి తోలు, భూపాలపల్లిల మార్పిస్త" అన్నాడు. డమ్మీ అంటే ఏముంది, గాలి పైపు మూతికి ఒక బోల్టు బిగించి మూసెయ్యడమే. ఆ చక్రానికి బ్రేకు ఉండదు, మిగతా వాటికి ఉంటుంది. ఒక్కరోజు కోసం పెట్టింది. పదిహేను రోజులు అలాగే తోలారు.

వెళ్లేసరికి ఆటో పత్తి చేలో బోర్లా పడి ఉంది. దెబ్బలు తగిలిన వాళ్లను అప్పటికే దవాఖానకు తీసుకెళ్లారు. రోడ్డు మీద చెప్పులు, ఒక టిఫిన్ గిన్నె, జొన్న గట్కా ముద్ద. ఐలేశ్‌ను జీపులో కూర్చోబెట్టారు, నన్ను చూసి చెయ్యెత్తాడు. నేను తల దించుకుని బండి కిందికి దూరాను. బండి కింద ఉన్న మెకానిక్‌ను ఎవరూ మనిషిగా చూడరు, రెండు కాళ్లు కనిపిస్తాయి అంతే. బండి పక్కకు తీయడానికి వచ్చాననుకున్నారు అందరూ. పోలీసులు కూడా అదే అనుకున్నారు. బోల్టు తీసి జేబులో వేసుకుని కొత్త చాంబర్ బిగించాను. నలభై నిమిషాలు పట్టింది.

షెడ్డుకు వచ్చాక ఆ బోల్టును డబ్బాలో వేశాను. అందులో అదే సైజువి ఇంకో ఏడు ఉన్నాయి. ఇప్పుడు ఏది ఏదో నేను కూడా చెప్పలేను.

బండి కదలాలంటే చాంబర్ మార్చక తప్పదు కదా. అందులో తప్పేముంది.

నవంబర్ 20

రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టర్ వచ్చి బండి చూశాడట. బ్రేకులన్నీ బాగున్నాయని రాసుకుపోయాడట. సోమనర్సయ్య ఫోన్ చేసి, "మంచి పని జేసినవ్ తమ్మీ" అన్నాడు. నా పనిని ఎవరైనా మెచ్చుకుంటే రెండు రోజులు ఉబ్బిపోయేవాణ్ని. ఇవాళ అన్నం డబ్బా విప్పకుండానే ఇంటికి తెచ్చాను.

నవంబర్ 21

ఆటోలో ఉన్న చిలుకమ్మ అనే ఆమె పోయింది. యాభై రెండేళ్లు అని పేపర్లో రాశారు. ఇంకో నలుగురు దవాఖానలోనే ఉన్నారు. ఊరి వాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. బ్రేకులు బాగున్నాయి, డ్రైవరే నిద్రపోయాడు అని కంపెనీ చెప్పింది, అదే అచ్చయింది. పెద్ద సెక్షన్ పెట్టారు, ఐలేశ్‌కు బెయిల్ రాలేదు.

పొద్దున ఎనిమిదింటికి నిద్రపోతాడా? పోవచ్చు. కంపెనీ వాళ్లు రోజుకు రెండు ట్రిప్పులు కొట్టిస్తారు. పోవచ్చు.

నవంబర్ 23

నేను పని నేర్చుకుంది మానుకోటలో, దేవదాసు ఉస్తాద్ దగ్గర. ఆయన రెంచీతో వేళ్ల మీద కొట్టి నేర్పిన మాట ఒకటి ఉంది. "ఒక కన్ను మూస్తే రెండోది గూడ ముయ్యాలె." ముందు ఎడమ చక్రానికి డమ్మీ పెడితే కుడి చక్రానికి కూడా పెట్టాలి. లేకపోతే గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు బ్రేకు ఉన్న వైపుకే బండి గుంజుతుంది. ఎడమది మూస్తే కుడికి గుంజుతుంది. కుడి అంటే ఎదురుగా బండ్లు వచ్చే దిక్కు.

నేను ఎడమది ఒక్కటే మూశాను.

బోల్టు ఒక్కటే ఉంది ఆ రోజు.

పైన నేనే రాసుకున్నాను, డబ్బాలో ఏడు ఉన్నాయని. అయితే కారణం బోల్టు కాదు. ముప్పై టన్నుల బండికి ముందు రెండు బ్రేకులూ తీసేస్తే ఇంకా ప్రమాదం కదా, ఒకటైనా ఉండనీ అనుకున్నాను. అలా అనుకునే చేశాను. ఇదే నిజం.

నవంబర్ 24, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు చిలుకమ్మ కుటుంబం కోసం ప్రార్థన చేయించారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను తెరిచే ఉన్నాను. గేటు బయట బొలెరో ఆగి ఉందేమోనని చూస్తున్నాను. తెల్ల బొలెరో ఒకటి ఉంది. పెళ్లివాళ్లదట.

నా భార్య సంగీత తిండి ఎందుకు తినడం లేదని అడిగింది. గ్యాస్ అన్నాను. ఇంట్లో ఉన్న జీలకర్ర అంతా మరిగించి తాగించింది.

నవంబర్ 27

ఐలేశ్ భార్య కళ్యాణి షెడ్డుకు వచ్చింది. బచ్చన్నపేట నుంచి బస్సులో వచ్చి బైపాస్ దాకా నడిచింది. ఈమె కూడా పత్తి ఏరే మనిషే, వేళ్ల చివర్లన్నీ కాయ గీరిన గాట్లు. స్టూల్ వేస్తే కూర్చోలేదు. నిన్న జైల్లో ములాఖత్‌కు వెళ్లి వచ్చానంది.

ఐలేశ్ చెప్పింది ఆమె నాకు చెప్పింది. బర్రె అడ్డం వచ్చిందట. బ్రేకు తొక్కాడట.

"తొక్కంగనే కుడికి గుంజిందంటుండన్నా. స్టీరింగు ఇటు తిప్పినా అటే వోయిందంట. పోలీసోళ్లు నమ్ముత లేరు. గట్ల గుంజుతదా?"

నేను బ్రేక్ షూ అరగదీస్తున్నాను. చేతిలో పని ఉంటే ముఖం చూడక్కర లేదు. బ్రేకులు బాగుంటే ఎందుకు గుంజుతుంది అన్నాను.

"బాగనే ఉండెనా? నువ్వే గద జూసేది."

"బాగనే ఉండె."

"అయితే గుంజదా?"

"గుంజదు."

ఆమె వాదించలేదు. నువ్వు చెప్పాక ఇంకేముందన్నా అని పైట సర్దుకుని వెళ్లిపోయింది. ఏడ్చినా బాగుండేది. తిట్టినా బాగుండేది. నా మాట మీద అంత నమ్మకం ఎందుకు పెట్టుకోవాలి ఈ మనుషులు.

నవంబర్ 28

గుంజదు అన్నాను. మూడక్షరాలు.

నవంబర్ 30

సోమనర్సయ్య వచ్చాడు. వెనకే జాల్యా తన టిప్పర్ తెచ్చాడు. జాల్యాది మా ఊరు గార్ల పక్క తండా, నా ఊరివాడి లెక్క. పిల్లాడికి రెండేళ్లు, వాడి ఫోటోనే బండి అద్దానికి అంటించుకున్నాడు. బండిలో గాలి నిలవడం లేదు. ముందు ఎడమ చాంబరే. ఈ బండ్లన్నీ ఒకేసారి కొన్నవి, రబ్బర్లన్నీ ఒకేసారి చిరుగుతున్నాయి.

కొత్త చాంబర్ వేద్దాం అన్నాను. సోమనర్సయ్య నవ్వాడు. కేసు అయ్యేదాకా ఓనర్ ఏ ఖర్చూ పెట్టొద్దన్నాడట. బండి మాత్రం ఆగొద్దన్నాడట.

"భయపడుతున్నవా? ఐలేశ్ బండికి పెట్టింది నువ్వు, తీసింది గూడ నువ్వే. మాదేమున్నది అండ్ల."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. అన్నా, నువ్వు చెబితేనే కదా పెట్టింది అనాలనుకున్నాను. బండి కిందికి దూరాను.

ఈసారి రెండు వైపులా మూశాను. ఉస్తాద్ చెప్పినట్టే, పద్ధతి ప్రకారం. గుంజే సమస్యే లేదు. ఏం కాదు కదన్నా అని జాల్యా అడిగితే, మెల్లగా పో, ఏం కాదు అన్నాను.

డిసెంబర్ 2

పద్ధతి ప్రకారం అని రాసుకున్నాను చూడు. ముందు రెండు చక్రాలకూ బ్రేకు లేని బండిని ఇసుక నింపుకుని రమ్మని పంపి, పద్ధతి అంటున్నాను.

ఇంకోటి కూడా అబద్ధం రాశాను మొదటి రోజు. డమ్మీతో బండి కదలదని. ఆ డమ్మీతోనే అది పదిహేను రోజులు కదిలింది. చాంబర్ మార్చింది బండి కదలడానికి కాదు.

ఇప్పుడు భయం ఒక దిక్కు నుంచి రావడం లేదు. పోలీసులంటే భయం. సోమనర్సయ్య అంటే భయం. ఇప్పుడు బైపాస్ మీద హారన్ మోగితే కూడా. ఆ కంపెనీ బండ్లలో నా డమ్మీలు ఎన్నింటిలో ఉన్నాయో గుర్తు చేసుకుంటే ఐదు తేలాయి, జాల్యాది ఆరోది. రెండు వైపులా మూసినవి ఎన్ని, ఒకవైపే మూసినవి ఎన్ని? రెండు బండ్ల సంగతి ఎంత తన్నుకున్నా గుర్తుకు రావడం లేదు.

మా అక్షిత తొమ్మిదో తరగతి. సైకిల్ మీద బైపాస్ దాటి బడికి పోతుంది. ఇవాళ్టి నుంచి నేనే బైకు మీద దింపుతున్నాను. రోడ్డు దాటేటప్పుడు టిప్పర్ వస్తుంటే ఐదు నిమిషాలు ఆగాను, అది పోయాక ఇంకోటి వస్తే మళ్లీ ఆగాను. బాపూ, బెల్ కొడతరు అంటూ వీపు మీద గిల్లింది. నా బిడ్డను దింపడానికి నేనున్నాను. దారిలో ఉన్న మిగతా పిల్లల్ని ఎవరు దింపుతారు.

డిసెంబర్ 5

కళ్యాణి మళ్లీ వచ్చింది. కేసు గురించి కాదు. సోమనర్సయ్య సార్‌కు నేనంటే మంచి గురి అట. ఐలేశ్ బయటికొచ్చాక మళ్లీ బండి ఇప్పించేలా ఒక మాట చెప్పమని వచ్చింది. బయటికి ఎప్పుడొస్తాడు అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"ఒప్పుకుంట అంటుండన్నా. ఒప్పుకుంటే శిక్ష తక్కువ వడుతదని వకీలు జెప్పిండంట."

ఏం ఒప్పుకుంటాడు అన్నాను.

"నిద్రవోయిన అని. నీ మాట చెప్పిన గద ఆయనకు, జోసెఫన్న గుంజదన్నడని. మొన్న వోతే అంటుండు, జోసెఫన్న అన్నడంటే గుంజి ఉండదు, నేనే కునుకు వడ్డ కావచ్చు, బండి గుంజినట్టు కల వచ్చింది కావచ్చు అని. రాత్రిళ్లు లేచి కూసుంటుండంట. ఆమెను నేనే సంపిన అంటుండంట."

చేతిలో ఏ పనీ లేదు ఈసారి. ఎక్కడ చూడాలో తెలియలేదు. మేనేజరుకు చెబుతాలే అన్నాను. ఆమె దండం పెట్టింది.

వాడిని జైల్లో పెట్టింది కంపెనీ అనుకున్నాను ఇన్నాళ్లూ. జైలుకు పంపింది కంపెనీయే. కానీ వాడు కళ్లారా చూసినదాన్ని వాడి దగ్గర నుంచి లాక్కున్నది నేను. పదకొండేళ్లుగా బండి నడుపుతున్నాడు, స్టీరింగ్ పట్టుకున్న తన చేతుల్నే వాడు నమ్మడం లేదు. నా మాటను నమ్ముతున్నాడు.

డిసెంబర్ 6

పోలేదు. ఐలేశ్ దగ్గరికి పోదామంటే బైకులో పెట్రోలు లేదు. బంకు షెడ్డు పక్కనే.

డిసెంబర్ 7

పోయాను.

పొద్దున సంగీతకు అంతా చెప్పేశాను. అంటే దాదాపు అంతా. ఆమె వింటూ వింటూ మంచం మీద కూర్చుంది. మన షెడ్డు పోతదా అంది. పోతుంది అన్నాను. నిన్ను పట్టుకుపోతరా అంది. తెలియదు అన్నాను. లోపలికి పోయి చాలాసేపు రాలేదు. ప్రార్థన చేస్తోందనుకున్నాను. చూస్తే పొయ్యి ముందు ఊరికే నిలబడి ఉంది, పొయ్యి వెలిగించలేదు.

సబ్ జైల్లో ములాఖత్ జాలీ అవతల ఐలేశ్ సగమయ్యాడు. గడ్డం మాసింది. నన్ను చూసి నవ్వి, అన్నా నువ్వెందుకొచ్చినవ్ ఇంత దూరం అన్నాడు. బస్సులో నాలుగు గంటలు కట్టుకుపోయిన మాటలన్నీ వదిలేశాను. తిన్నగా చెప్పాను.

"ఐలేశ్, బండి గుంజింది. నేను ఒక్క దిక్కే మూసిన. గుంజుతది. నువ్వు తిప్పలే."

వాడు జాలీ పట్టుకున్నాడు. కోపం వస్తుందని చూశాను. రాలేదు.

"నిద్రవోలేదా నేను?"

"పోలే."

"నిజంగ నిద్రవోలేదా అన్నా?"

మళ్లీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. మూడుసార్లూ చెప్పాను. అప్పుడు జాలీకి నుదురు ఆనించి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, కానీ నాది వేరే ఏడుపు. టైమైందని గార్డు అరుస్తుంటే ముఖం తుడుచుకుని ఒకే మాట అడిగాడు. "జాల్యాకు చెప్పినవా?" జాల్యా బండిలో కూడా గాలి నిలవడం లేదని నవంబర్‌లోనే చెప్పుకున్నారట ఇద్దరూ.

బయటికొచ్చి గోడ పక్కనే నిలబడి జాల్యాకు ఫోన్ చేశాను. ఎత్తాడు. ఇంజిన్ చప్పుడులో సరిగా వినబడలేదు. లోడుతో పరకాల దాటాడట. బండి ఆపమన్నాను. ఎందుకన్నాడు. ముందు రెండు చక్రాలకూ బ్రేకు లేదు, ఏ క్షణమైనా ఏమైనా అవుతుంది, గేరు తగ్గించుకుంటూ పక్కకు తీయమన్నాను.

"పెట్టిననాడు ఏం కాదంటివి గదన్నా."

"అబద్ధం జెప్పిన."

గేర్లు దిగడం వినిపించింది, ఒకటి, ఇంకోటి. ఇంజిన్ ఆగింది. నేను అక్కడే మట్టిలో కూర్చున్నాను.

సోమనర్సన్నకు ఏం చెప్పాలి అని అడిగాడు జాల్యా. లోడు బండి రోడ్డు పక్కన పెడితే వాడి బతుకు ఏం చేస్తారో వాడికి తెలుసు.

"జోసెఫ్ ఆపమన్నడని చెప్పు."

పది నిమిషాలకు సోమనర్సయ్య ఫోన్ మొదలైంది. బస్సు జనగామ చేరేలోపు పదకొండు మిస్‌డ్ కాల్స్. ఇల్లు చేరాక గడియ పెట్టి, మళ్లీ లేచి గడియ పడిందో లేదో చూశాను.

డిసెంబర్ 8

తెల్ల బొలెరో ఇంటి ముందు గంటసేపు ఆగింది. ఇది పెళ్లివాళ్లది కాదు. ఎవరూ దిగలేదు. అక్షితను కిటికీ దగ్గరికి పోవద్దన్నాను. చర్చికి పోలేదు.

డిసెంబర్ 9

భూపాలపల్లి బస్టాండులో కూర్చుని రాస్తున్నాను.

పోలీస్ స్టేషన్‌లో కేసు చూస్తున్న సార్ మొదట పట్టించుకోలేదు. తర్వాత తలుపు వేయించి కూర్చోమన్నాడు. ఆరు బండ్ల నంబర్లు నా చేత్తో రాసిచ్చాను. ఏ బండికి ఏ వైపు, ఏ తారీఖు, ఎవరు ఫోన్‌లో పెట్టమన్నారు, అన్నీ. గుర్తులేని రెండింటి దగ్గర గుర్తులేదనే రాశాను. నవంబర్ నాలుగున సోమనర్సయ్యతో మాట్లాడిన కాల్ ఇంకా ఫోన్‌లో ఉంది, చూపించాను. సార్ అక్కడి నుంచే రవాణా ఆఫీసుకు ఫోన్ చేసి ఆ ఆరు బండ్లూ ఎక్కడుంటే అక్కడ ఆపమన్నాడు. మేనేజరునూ ఓనరునూ పిలిపిస్తానన్నాడు. ఐలేశ్ సంగతి కోర్టుకు రాస్తానన్నాడు. నీ పేరు కూడా ఎక్కుతుంది, తెలుసు కదా, సాక్ష్యం తీసేసినందుకు ఇంకో సెక్షన్ కూడా పడుతుంది అన్నాడు. తెలుసు సార్ అన్నాను. భయం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

చివరన ఒకటి అడిగాడు. రెండు వైపులా మూయాలని తెలిసినప్పుడు ఒక్కవైపే ఎందుకు మూశావు అని.

బోల్టు లేదని చెప్పొచ్చు. ఒక బ్రేకైనా ఉండాలనుకున్నానని చెప్పొచ్చు. అది వింటే ఎవరైనా తల ఊపుతారు. నేనే ఈ డైరీలో రాసుకుని ఇదే నిజం అని కింద గీత గీసినంత పని చేశాను.

"ఆ దిక్కు కింద బురద ఉండె సార్. ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, అన్నం సల్లారుతుందని. ఆకలైంది. పోయి తిన్న."

సార్ పెన్ను ఆపి నా వైపు చూశాడు. పని ఒత్తిడి వల్ల అని రాయాలా అని అడిగాడు. వద్దన్నాను. ఆకలైంది అనే రాసి, నాకు చదివి వినిపించాడు. సంతకం పెట్టాను.